మన పేరున్న రాయి సముద్రం దాకా ఉంది

(విశాఖ మన్యం నుంచి వచ్చిన ఆదివాసీ విద్యార్థులతో విశాఖ - భీమిలి తీరంలో జరిపిన అధ్యయన యాత్రలో చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరు పెద్దగా మార్చకుండా ఇస్తున్నాం.)



సముద్రం చూడ్డానికి వచ్చాం అనుకుంటున్నారు కదా. చూడండి, ఎవరూ వద్దనరు. కానీ నేను మిమ్మల్ని ఇక్కడికి పిలిచింది రాళ్ళు చూపించడానికి. మీరు ఇప్పుడు కూర్చున్న ఈ బండలు, అటు డాల్ఫిన్స్ నోస్ కొండ, ఇటు కైలాసగిరి, ఆ వెనకాల సింహాచలం వరస, ఇవన్నీ ఎక్కడివో కావు. అనంతగిరిలో, అరకులో, పాడేరులో, చింతపల్లిలో మీ ఇళ్ళ వెనక ఉన్న కొండల జాతే. తూర్పు కనుమలు మైదానంలో అక్కడక్కడా మునిగి, మళ్ళీ లేచి, ఇక్కడికొచ్చి నీళ్ళలో కాళ్ళు పెట్టాయి. కాబట్టి మీరు పరాయి చోటికి రాలేదు.

ముందు ఈ బండని దగ్గరగా చూడండి. పైన తుప్పు పట్టిన ఇనుములా ఎర్రగా, గోధుమగా ఉంది. చేత్తో రుద్దితే కొంచెం రాలుతుంది. విరిగిన చోట, లోపలి మొహం చూస్తే నాలుగు సంగతులు కనపడతాయి. గాజులా మెరిసేది పలుగురాయి, దాన్నే పుస్తకంలో క్వార్ట్‌జ్ అంటారు. తెల్లగా పాలిపోయి, మెత్తబడి సుద్దలా ఉన్నది ఫెల్డ్‌స్పార్. సన్నటి తెల్ల సూదుల్లాగా కట్టలు కట్టి ఉన్నది సిలిమనైట్. ఇక దానిమ్మ గింజల్లాగా ముదురు ఎరుపు గుండ్లు ఉన్నాయే, అవి గార్నెట్. ఉంగరాల్లో పెట్టుకునే గోమేధికం కూడా ఈ గార్నెట్ జాతిదే, అది వేరే కథ. కొన్ని చోట్ల బూడిద రంగు రేకులు కూడా దొరుకుతాయి, వేలు పెడితే మరక అంటుతుంది. అది గ్రాఫైటు, మీ పెన్సిల్లో ఉన్నదే.

ఈ నాలుగైదూ కలిసి ఉన్న రాయిని భూగర్భ శాస్త్రంలో ఖోండలైట్ అంటారు. ఈ పేరు మీలో చాలామంది విని ఉండరు. విన్నవాళ్ళు కూడా పరీక్ష కోసం బట్టీ పట్టి ఉంటారు. ఆ పేరు ఎక్కడిదో ఏ మాస్టారూ చెప్పి ఉండరు. ఖోండ్ అంటే కోదులు. మన కోదు జనం. 1902లో టి.ఎల్. వాకర్ అనే భూగర్భ శాస్త్రవేత్త, జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో పనిచేసేవాడు, ఒడిశాలోని కలహండిలో ఈ రాతిని పరిశీలించాడు. ఆ కొండల్లో ఉండే జనం పేరు మీద దీనికి ఖోండలైట్ అని పేరు పెట్టాడు. అప్పటినుంచి శ్రీలంకలో దొరికినా, కేరళలో దొరికినా, చైనాలో దొరికినా, ఈ రకం రాయికి ప్రపంచమంతా ఇదే పేరు. మన దేశంలో ఒక ఆదివాసీ జాతి పేరు ఇలా ప్రపంచం మొత్తం వాడే శాస్త్ర పదంగా మారిన సందర్భాలు నాకు తెలిసి చాలా తక్కువ.

సంతోషించాలా, బాధపడాలా? రెండూ. పేరైతే పెట్టారు. ఆ కొండల్లో తరాలుగా ఉన్నవాళ్ళు ఆ రాతిని కువిలో ఏమని పిలిచేవారో, ఏ రాయి దేనికి వాడేవారో మాత్రం పుస్తకంలోకి ఎక్కలేదు. జనం పేరు రాతికి పోయింది, జనం మాట బయట ఉండిపోయింది.

దీనికి తోడు ఇంకో రాయి ఉంది. ముదురు రంగు, నూనె రాసినట్టు ఆకుపచ్చ బూడిద మెరుపు, సుత్తితో కొడితే ఖంగుమంటుంది. ఇది చార్నొకైట్. విశాఖ, అనకాపల్లి చుట్టుపక్కల నల్లరాతి క్వారీల్లో కంకర కోసం పేల్చేది ఎక్కువగా ఇలాంటి రాయే. ఈ పేరు కథ కూడా వినండి. ఈస్టిండియా కంపెనీ ఏజెంటు జాబ్ చార్నాక్ అని ఒకాయన కలకత్తాలో చనిపోయాడు. ఆయన సమాధి మీద పెట్టడానికి మద్రాసు దగ్గర్నుంచి రాయి తెప్పించారు. రెండు వందల ఏళ్ళ తర్వాత, 1893లో, థామస్ హాలండ్ అనే ఆయన ఆ సమాధి రాతిని చూసి ఆ రకానికి చార్నొకైట్ అని పేరు పెట్టాడు. అంటే ఒకే కొండలో పక్కపక్కనే ఉన్న రెండు రాళ్ళలో ఒకటి కంపెనీ దొర పేరు మోస్తుంది, ఇంకొకటి ఆ కంపెనీ సైన్యంతో పోరాడిన కోదుల పేరు మోస్తుంది. మన కొండల చరిత్రని ఇంతకంటే పొట్టిగా ఎవరు రాయగలరు!

ఇప్పుడు ఈ రాయి ఎలా పుట్టింది అనేది. ఇది ఒకప్పుడు బురద. నీళ్ళ అడుగున పేరుకున్న బంకమట్టి, ఇసుక. ఆ పొరలు భూమిలోకి పాతిక ముప్ఫై కిలోమీటర్ల లోతుకి దిగబడిపోయి, సుమారు వంద కోట్ల ఏళ్ళ కిందట విపరీతమైన వేడికీ, ఒత్తిడికీ గురయ్యాయి. పాడేరు దగ్గర దొరికే కొన్ని రాళ్ళని చూసి, అవి 900 డిగ్రీలు దాటిన వేడి చూశాయని లెక్క కట్టారు. సఫిరిన్ అనే అరుదైన నీలి ఖనిజం ఆ రాళ్ళలో ఉంది, అది అంత వేడిలోనే అలా తయారవుతుంది. పాడేరు పేరు అంతర్జాతీయ పత్రికల్లో ఆ రాయి వల్ల వచ్చింది. పాడేరులో చదువుకునే పిల్లలకి ఆ సంగతి ఎవరూ చెప్పరు.

బంకమట్టి ఎక్కువగా ఉన్న పొర ఖోండలైట్ అయింది. శుద్ధమైన ఇసుక పొర క్వార్ట్‌జైట్ అయింది, అది పలుగురాయి అంత గట్టిది. సున్నం పేరుకున్న పొర పాలరాయి జాతి సున్నపురాయి అయింది. మన బొర్రా గుహలు ఆ రాతిలోనివే. అంటే బొర్రా గుహ పైకప్పు కూడా ఒకప్పుడు నీటి అడుగే. సముద్రం చూడ్డానికి ఇంత దూరం వచ్చారు గానీ, మీ ఊరే ఒక పాత సముద్రం మీద ఉంది.

ఇంకొక్క సంగతి చెప్పి తీరం దగ్గరికి వస్తాను. ఇక్కణ్ణుంచి ఎదురుగా చూస్తే నీళ్ళు తప్ప ఏమీ లేవు. కానీ ఒకప్పుడు ఇక్కడ సముద్రమే లేదు. ఈ కొండలకి ఆనుకుని అంటార్కిటికా ఉండేది. సుమారు 13 కోట్ల ఏళ్ళ కిందట రెండూ విడిపోయాయి, ఆ చీలికలో నీళ్ళు నిండాయి. అంటార్కిటికా తూర్పు తీరంలో మంచు లేని చోట ఇవే రకం రాళ్ళు, ఇదే వయసువి, ఇప్పటికీ కనపడుతున్నాయి.

సరే, తీరం. విశాఖ తీరం ఆకారం మొత్తం ఈ రాళ్ళ గట్టితనం మీద ఆధారపడింది. ఖోండలైట్ కొంచెం మెత్తన, పగుళ్ళెక్కువ, లోపలున్న ఫెల్డ్‌స్పార్ నీళ్ళకి మట్టిగా మారిపోతుంది. మధ్యలో క్వార్ట్‌జైట్ పట్టీలు లొంగవు. అందుకని అల కొట్టినచోటల్లా ఒకేలా తెగదు. మెత్తనిది లోపలికి పోతుంది, గట్టిది ముక్కులా నిలబడుతుంది. డాల్ఫిన్స్ నోస్ అలా నిలబడ్డ ముక్కే. అటు యారాడ వరస, ఇటు కైలాసగిరి - సింహాచలం వరస, మధ్యలో పల్లం. ఆ పల్లంలో విశాఖ నగరం ఉంది. ఆ చిత్తడి నేలని తవ్వి 1933లో ఓడరేవు తెరిచారు. డాల్ఫిన్స్ నోస్ అడ్డం లేకపోతే అక్కడ ఓడ నిలబడే వీలే ఉండేది కాదు. రేవు గురించి కాసేపట్లో మళ్ళీ చెప్పాలి.

తెన్నేటి పార్కు కింద చూడండి. ఆటు సమయంలో బల్లపరుపుగా ఒక రాతి గట్టు బయటపడుతుంది. అది అలలు కోసిన గట్టు. దాని మీద గిన్నెల్లాంటి గుంటలుంటాయి. ఒక గులకరాయి పగులులో ఇరుక్కుంటుంది, అల వచ్చినప్పుడల్లా గిరగిరా తిరుగుతుంది, ఏళ్ళ తరబడి తిరిగి తిరిగి రోలు చేసేస్తుంది. మన గెడ్డల్లో కూడా జలపాతాల కింద ఇలాంటి గుంటలే ఉంటాయి, చిన్నప్పుడు మీరు దిగే ఉంటారు. పని ఒకటే, నీళ్ళు మాత్రం వేరు.

ఇంకొంచెం ముందుకెళ్తే మంగమారిపేట దగ్గర సహజ శిలాతోరణం ఉంది. కొండముక్కుకి రెండు వైపుల నుంచీ అలలు కొడతాయి. ముందు గాడి పడుతుంది, గాడి గుహ అవుతుంది, గుహ ఆ పక్కకి తెరుచుకుంటే తోరణం. కొన్నాళ్ళకి పైకప్పు కూలిపోతుంది, ఒంటి స్తంభం మిగులుతుంది. తర్వాత అదీ పోతుంది. సెల్ఫీల కోసం దాని మీదకి ఎక్కేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ పైనే తొట్లకొండ ఉంది. రెండు వేల ఏళ్ళ కిందట బౌద్ధ భిక్షువులు ఆ కొండ రాతిలోనే నీటి తొట్లు తొలిచారు, అందుకే ఆ పేరు. ఒడిశా తీరంలో కోణార్క్ గుడి, పూరీ జగన్నాథుని గుడి చాలావరకు ఖోండలైట్‌తోనే కట్టారు. చెక్కడానికి లొంగుతుంది, కానీ ఉప్పుగాలికి తట్టుకోదు. కోణార్క్ శిల్పాల మొహాలు అరిగిపోవడానికి అది ఒక కారణం.

ఇప్పుడు కాళ్ళ కింద ఇసుక చూడండి. తెల్ల ఇసుక మీద నల్ల చారలు, అక్కడక్కడా ముదురు గులాబీ చారలు. చాలామంది ఓడల నుంచి కారిన నూనె అనుకుంటారు. కాదు. నల్లనిది ఎక్కువగా ఇల్మనైట్, కొంత మాగ్నటైట్. గులాబీది గార్నెట్, ఇందాక బండలో చూసిన దానిమ్మ గింజలే పొడి అయి ఇలా వచ్చాయి. వీటితో పాటు సిలిమనైట్, కొద్దిగా మోనజైట్ ఉంటాయి. ఇవి మామూలు ఇసుక కన్నా బరువు. అల వెనక్కి పోయేటప్పుడు తేలిక ఇసుకని లాక్కుపోతుంది, బరువైనది చారలా మిగులుతుంది. చేట చెరిగితే ఏమవుతుందో మీ అమ్మని అడగండి, అదే ఇది.

ఈ గింజలు ఎక్కణ్ణుంచి వచ్చాయి? కొన్ని ఈ తీరం కొండల నుంచే. కొన్ని నదుల మీద. భీమిలి దగ్గర సముద్రంలో కలిసే గోస్తనీ నది ఎక్కడ పుడుతుంది? మన అనంతగిరి కొండల్లో. బొర్రా గుహల మీదుగా వస్తుంది. ఆవు గుహలో పడిపోవడం, దాన్ని వెతుక్కుంటూ పశువుల కాపరి లోపలికి వెళ్ళడం, ఆ కథ బొర్రాలో ముసలివాళ్ళందరికీ తెలుసు. కానీ బొర్రా గుహల్ని 1807లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకి చెందిన దొర ఎవరో కనుక్కున్నాడని ఎన్నో చోట్ల రాస్తారు. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా పుట్టిందే 1851లో! లేని ఆఫీసు నుంచి మనిషిని పంపించి మరీ మన గుహని కనుక్కున్నారు. ఆవు వెనకాల వెళ్ళినవాడి పేరు మాత్రం ఎక్కడా లేదు.

గోస్తనీ మోసుకొచ్చే ఇసుక ఇప్పుడు మునుపటంత లేదు, కొంత తాటిపూడి రిజర్వాయరులో ఆగిపోతుంది. ఇక తీరం వెంబడి ఉత్తరంగా నడిచే ఇసుకని ఓడరేవు గోడలు అడ్డుకుంటాయి. అందుకే రామకృష్ణా బీచ్ కోతకి గురవుతూ ఉంటుంది, డ్రెడ్జర్లతో ఇసుక తెచ్చి పోస్తూ ఉంటారు. కొండ మీద జరిగే పనీ, రేవులో జరిగే పనీ రెండూ ఈ ఒడ్డుకి లెక్కే. జాలరి ఇంటి గోడ కూలినప్పుడు, ఆ లెక్క మాత్రం ఎవరూ అడగరు.

భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలు మధ్యాహ్నం చూస్తాం. ముందే కొంచెం చెప్తాను. సుమారు ఇరవై వేల ఏళ్ళ కిందట భూమంతా మంచు ఎక్కువై, సముద్రం ఇప్పటికంటే వంద మీటర్లకి పైగా కిందికి దిగింది. ఒడ్డు చాలా దూరం జరిగిపోయింది. మన కొండల నుంచి కొట్టుకొచ్చిన ఇసుక అలా బయటపడి ఉంది, గాలి దాన్ని మళ్ళీ ఒడ్డు మీదకి ఎత్తి పోసింది. ఇసుకలో ఉన్న గార్నెట్ లాంటి ఖనిజాల్లోంచి ఇనుము విడిపోయి, ఒక్కొక్క రేణువు చుట్టూ తుప్పులా పూత పట్టింది. అదీ ఆ ఎరుపు. తర్వాత వానలు దాన్ని లోతైన వాగులుగా కోశాయి. ఇలాంటి దిబ్బలు దక్షిణాసియాలో మనదగ్గర కాక తమిళనాడులో, శ్రీలంకలో మాత్రమే ఉన్నాయి. రాతియుగం మనుషుల పనిముట్లు కూడా అక్కడ దొరికాయి.

2014లో వీటిని జాతీయ భూవారసత్వ ప్రదేశంగా గుర్తించారు. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోకి ఎక్కాయి. మంచిదే. 2024లో ఆ పక్కనే యంత్రాలు పెట్టి తవ్వినప్పుడు విశాఖ జనం, శాస్త్రవేత్తలు గట్టిగా మాట్లాడారు, అది ఇంకా మంచిది. నా ప్రశ్న ఒక్కటే. ఆ ఎర్రమట్టికి తల్లి ఖోండలైట్. బిడ్డ సముద్రం ఒడ్డున ఉంది కాబట్టి వారసత్వం అయింది. తల్లి మన్యంలో ఉంది కాబట్టి ఖనిజం అయింది.

ఎలా అయిందో చూడండి. అదే ఖోండలైట్ వెయ్యి మీటర్ల ఎత్తున, బల్లపరుపు కొండ మీద, లక్షల ఏళ్ళు వానకి తడిసింది. నీళ్ళలో కరిగేవన్నీ కరిగి పోయాయి, పలుగు కూడా చాలావరకు పోయింది. అల్యూమినియం, ఇనుము మిగిలాయి. అదే బాక్సైట్. గాలికొండ, రక్తకొండ, చిత్తంగొంది, సప్పర్ల, జెర్రెల, గూడెం, ఈ పేర్లు బాక్సైట్ నిక్షేపాల పట్టికల్లో చూస్తారు. వాటి మీద కాఫీ తోటలున్నాయనీ, అక్కడే పశువుల్ని మేపుతారనీ పట్టికలో ఉండదు. ఆ బాక్సైట్ పొర తేనెపట్టులా బొరియలతో ఉంటుంది. వాన నీటిని పీల్చుకుని ఉంచుకుంటుంది. కింద ఖోండలైట్ మెత్తబడి తెల్లటి బంకమట్టిలా మారిన పొర ఉంటుంది, నీళ్ళు అక్కడ ఆగి పక్కకి జారి ఊటగా బయటపడతాయి. వేసవిలో కూడా మీ గెడ్డలో నీళ్ళు ఉన్నాయంటే అందుకే. పైపొర తీసేశాక మొక్కలు నాటి కొండని యథాతథంగా చేస్తామని కంపెనీ వాళ్ళు చెప్తారు. మొక్కలు నాటొచ్చు. లక్షల ఏళ్ళ తేనెపట్టుని ఏ నర్సరీలో పెంచుతారు?

వాకర్ ఖోండలైట్ అని పేరు పెట్టిన కలహండిలోనే లాంజిగఢ్ ఉంది. నియమగిరి బాక్సైట్ కోసం అక్కడ రిఫైనరీ కట్టారు. 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఈ విషయం గ్రామసభలు చూడాలని చెప్పింది. ఆ వర్షాకాలంలో పన్నెండు గ్రామసభలు జరిగాయి, పన్నెండూ వద్దన్నాయి. డోంగ్రియా కోదులు ఆ రోజు కాపాడుకున్నది తమ పేరున్న రాతినే. మన దగ్గర 1997 జూలైలో సమత తీర్పు వచ్చింది, షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా ప్రైవేటు కంపెనీలకి గనుల కోసం లీజుకివ్వడం చెల్లదని. ఆ కేసులో బొర్రా పంచాయతీలో కాల్సైట్ గనులు ఉన్నాయి. కాల్సైట్ అంటే ఆ పాత సముద్రపు సున్నమే. 2015 నవంబరులో చింతపల్లి అడవిలో 1,212 హెక్టార్లు బాక్సైట్ కోసం ఇస్తూ జీవో 97 వచ్చింది. అప్పుడు మీరు చిన్నపిల్లలు, మీ ఇళ్ళలో పెద్దవాళ్ళు రోడ్డెక్కారు. 2019లో దాన్ని రద్దు చేశారు. రద్దు చేసింది జీవోని. రాయి అక్కడే ఉంది, దాని మీద కన్ను కూడా అలాగే ఉంది.

రేవు గురించి చెప్తానన్నాను. ఇక్కడికి మన రాళ్ళు రెండు దారుల్లో వస్తాయి. ఒకటి గోస్తనీ లాంటి నదుల దారి, గింజ గింజగా. ఇంకొకటి రైలు దారి. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని జపానుకి పంపడానికి 1960లలో మన కొండల్ని తొలిచి కిరండూల్ లైను వేశారు. అద్దాల బోగీ ఎక్కి అరకు వచ్చేవాళ్ళు ఆ సొరంగాలు టూరిస్టుల కోసం తవ్వారనుకుంటారు. పంచపట్మాలి కొండ బాక్సైట్ దామంజోడిలో అల్యూమినా అయి ఇదే రేవు నుంచి ఓడెక్కుతుంది. అది కూడా ఖోండలైట్ కొండే.

ఇసుకకీ అంతే. ఇందాక చూపించిన నల్ల చారలో ఉన్న ఇల్మనైట్‌తో తెల్ల పెయింటు చేస్తారు. గార్నెట్ ఉప్పుకాగితానికి, సిలిమనైట్ కొలిమి ఇటుకలకి. మోనజైట్‌లో థోరియం ఉంది కాబట్టి దాని మీద అణుశాఖ కన్ను. శ్రీకాకుళం నుంచి కింద దాకా తీరమంతా ఈ ఇసుకకి లెక్కలు కట్టి పెట్టారు. మనకి ఐదో షెడ్యూలు ఉంది, పీసా చట్టం ఉంది, గ్రామసభ తీర్మానం అని ఒక కాగితం చేతిలో ఉంది. జాలరి పేటకి అదీ లేదు. వాళ్ళకి దొరికేది ఒక ప్రజాభిప్రాయ సేకరణ, రెండు మైకులు, నాలుగు పోలీసు వ్యాన్లు. కొండలో పుట్టిన గింజ వాళ్ళ వలలు ఆరేసుకునే చోట పడి ఉంది. ఈ పూట మనకి అన్నం పెడుతున్నది ఆ పేట వాళ్ళే, తిన్నాక కూర్చుని ఈ సంగతి మాట్లాడండి.

మీకు ఒక పని చెప్తాను. గనుల మీద ఏ రిపోర్టు ఊరికొచ్చినా వందల పేజీలు ఇంగ్లీషులో ఉంటుంది. భయపడకండి. అందులో ఖోండలైట్ అనే మాట ఎక్కడెక్కడ వచ్చిందో ముందు వెతకండి. బాక్సైట్ పొర ఎన్ని మీటర్లు, దాని కింద మెత్తబడిన ఖోండలైట్ ఎన్ని మీటర్లు అని రాస్తారు. తవ్వకం ఎక్కడ ఆపుతారో చూడండి. ఆ మట్టానికి మీ ఊట పైన ఉందో కింద ఉందో మీకు తెలుసు, రాసినవాడికి తెలియదు. ఊటలు ఎన్ని అని ఆ రిపోర్టులో రాశారో లెక్కపెట్టండి, మీ ఊళ్ళో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. రెండు అంకెలూ గ్రామసభ పుస్తకంలో పక్కపక్కన రాయించండి. "వెదర్డ్ రాక్", "ఓవర్ బర్డెన్", "వేస్ట్" అని రాసినచోట గీత గీయండి. పనికిరానిదని వాళ్ళు పక్కన పోసేది చాలాసార్లు మీ నీళ్ళు పట్టి ఉంచే పొరే.

ఇంటికెళ్ళాక ఇంకొకటి. మీ అవ్వల్ని, తాతల్ని అడగండి. తిరగలికి ఏ రాయి తెచ్చేవారు, ఇసుక రాలే రాయి ఎందుకు వద్దనేవారు, పొయ్యికి ఏ రాయి పేలకుండా ఉంటుంది, ఏ రాయి ఉన్నచోట బావి తవ్వితే నీళ్ళు పడతాయి. కువిలో, పోర్జాలో, ఆదివాసీ ఒరియాలో, తెలుగులో, ఏ మాటలో చెప్తే ఆ మాటలోనే రాసుకోండి. రాయి పక్కన పెట్టి ఫొటో తీయండి. 1902లో రాయని పేజీ అది.

సరే, ఆటు మొదలైంది, గట్టు బయటపడుతోంది. రెండు జట్లుగా వెళ్దాం. అయస్కాంతాలు తెచ్చుకున్నవాళ్ళు నల్ల చార దగ్గరికి, ఏ గింజ అంటుకుంటుందో, ఏది అంటుకోదో వేరు చేసి కాగితం మీద పోయండి. భూతద్దం ఉన్నవాళ్ళు నాతో రండి, గార్నెట్ చుట్టూ తుప్పు మొదలైన చోటు వెతుకుదాం. నాచు ఉంది, చెప్పులతో ఎక్కకండి. సుత్తి మాత్రం సంచిలోనే ఉంచండి. రాలిపడిన ముక్కలు కావలసినన్ని ఉన్నాయి.